రోజూ చేస్తున్నాను సార్

నమ్మడం నా పని కాదనుకున్నాను

నా ఉద్యోగమంతా ఒకే అబద్ధం వింటూ గడిచింది. "రోజూ చేస్తున్నాను సార్." హిందీలో, బెంగాలీలో, తమిళంలో, మన తెలుగులో విన్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ముప్పై ఏళ్ళ పైన పనిచేశాను. విరిగిన ఎముకను అతికించడం డాక్టరు పని. అతికేలోపు బిగుసుకుపోయిన కీలును మళ్ళీ కదిలించడం మా పని. నిజానికి మా పని కూడా కాదు, పేషెంటు పని. మేం పదిహేను రోజులకోసారి చూస్తాం. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర పూటపూటా వ్యాయామం చేసుకోవాల్సింది అతనే. చేస్తాడా? మొదటి వారం చేస్తాడు. రెండో వారం నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు భక్తీ తగ్గుతుంది. మూడో వారం నా ముందు కూర్చుని ఆ మాట అంటాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఆదివారం పూట ప్రోతరాపూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. "అంకుల్, పేషెంట్లను మోటివేట్ చేయడం ఎలా?" అని అడుగుతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సగం మందికి తెలుగు చదవడం రాదు, అమ్మల చేత చదివించుకోవాలి. ప్రమోషన్లూ, ఫైళ్ళూ ఇందులో ఉండవు. మోటివేషన్ కూడా ఉంటుందని అనుకోకండి, నాకు ఆ మాట మీదే అనుమానం. మొన్న మా బస్సులో ఒకాయన సీట్లో కూర్చుని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఏమిటా అని చూస్తే, నడిచిన అడుగులు లెక్కపెట్టే గడియారమట. బస్సు జంగ్లీఘాట్ చేరేలోపు ఆయన రెండు కిలోమీటర్లు నడిచేశాడు.

అబద్ధం పట్టుకోవడంలో నాకు పేరుండేది. భుజం బిగుసుకుపోయిన ఒక టీచరమ్మ రబ్బరు పట్టీతో రోజూ చేస్తున్నానంది. ఆ పట్టీ తెమ్మన్నాను. తెచ్చింది. కొట్లో అమ్మినప్పుడు దాని మీదున్న పౌడరు అలాగే ఉంది. నడుం నొప్పి గుమాస్తా ఒకాయన నేల మీద పడుకుని చేస్తున్నానన్నాడు. "తల ఎటు పెట్టి?" అని అడిగాను. అతను ఆలోచనలో పడ్డాడు. నిజంగా చేసేవాడికి ఫ్యాను ఎటుందో, తలుపు ఎటుందో ఆలోచించకుండానే నోటికొస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే జనాన్ని రోజూ చూసీ చూసీ, తడుముకోనివాడు కనబడినా భుజం మీద బూడిద వెతికే స్థితికి వచ్చాను.

కార్డు సంగతి

నా తెలివికి మూలం మా చర్చి. మా నాన్న శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడలో ఈ దీవులకు వచ్చినవాడు. ఆయనతో వచ్చిన కుటుంబాలన్నీ కలిసి తెలుగు ఆరాధన మొదలుపెట్టాయి. మా పాస్టరుగారు ప్రతి ఇంటికీ ఒక బైబిలు పఠనం కార్డు ఇచ్చేవారు. రోజుకో గడి, మనిషికో వరస. చదివిన రోజున గడిలో టిక్కు పెట్టాలి. ఆదివారం మందిరంలో కార్డు చూపించాలి. అయితే ఏ ఇంట్లోనూ ఏ రోజు టిక్కు ఆ రోజు పెట్టింది లేదు. శనివారం సాయంత్రం అందరం కూర్చుని, ఒకే పెన్నుతో వారం మొత్తానికీ పెట్టేసేవాళ్ళం. నేను ఒక్క వచనం చదవకుండా ఏడు టిక్కులు పెట్టేవాణ్ణి. మా అమ్మ రోజూ పొయ్యి పక్కన కూర్చుని చదివేది, ఆ చేత్తోనే చేపలు కడిగేది, పెన్ను పట్టుకునే తీరిక లేక శనివారమే పెట్టేది. కార్డు మీద మా ఇద్దరి టిక్కులూ ఒకేలా ఉండేవి.

ఉద్యోగంలో చేరాక ఆ పద్ధతినే ఆసుపత్రికి తెచ్చాను. ప్రతి పేషెంటుకూ ఒక కార్డు, రోజుకు మూడు గడులు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. టిక్కుల రంగు, ఒత్తు, వాలు చూసి ఒకేసారి కూర్చుని పెట్టినవా కాదా అని చెప్పేసేవాణ్ణి. ఒకేసారి పెట్టినవంటే చేయలేదన్నట్టే. మా అమ్మ వరస నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

సీమోను సరంగు

సీమోను మా చర్చివాడే, మిన్నీ బేలో ఉండేవాడు. దీవుల మధ్య సరుకూ జనమూ మోసే ఒక బోటులో సరంగు. డెక్కు మీద పనివాళ్ళకు పెద్దన్నమాట. ఒకసారి రంగత్ దగ్గర సరుకు దించుతుంటే సముద్రం ఎగదన్ని, జారిన పెట్టె వచ్చి మోకాలి చిప్ప మీద పడింది. ఎముక అతికింది, కట్టు విప్పారు. మోకాలు మాత్రం కర్రలా ఉండిపోయింది.

సరంగు తాళ్ళ నిచ్చెన ఎక్కాలి. తాళ్ళ నిచ్చెన ఎక్కాలంటే మోకాలు బాగా వంగాలి. వంగుతుందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తేనే మళ్ళీ బోటు ఎక్కనిస్తారు. లేకపోతే ఒడ్డున గోడౌన్ కాపలా. జీతంలో తేడా లేదు. అయినా ఆ మాట చెప్పగానే అతని ముఖం నల్లబడింది.

"గోడౌనొద్దు సార్. నేల మీద నాకు నిద్దర పట్టదు. ఊగితేగానీ కన్ను మూతపడదు. ఏటి చెయ్యమంటే అది చేస్తాను, పక్కా."

ఆసుపత్రిలో ఎత్తు బల్ల అంచున అతన్ని కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడదీసి, మంచి కాలితో దెబ్బ కాలిని వెనక్కి నెట్టడం నేర్పాను. "కాళ్ళు నేలకు తగలనంత ఎత్తులో కూర్చోవాలి. పూటకు నలభై సార్లు" అని కార్డు ఇచ్చాను. అతని భార్య దయామణి ఆ కార్డును బైబిల్లో పెట్టుకుని తీసుకెళ్ళింది.

కీలు ఎంత వంగుతుందో కొలవడానికి మా దగ్గర రెండు పట్టీల స్కేలు ఉంటుంది. మొదటి నెల అరవై డిగ్రీలు చూపించింది. రెండో నెల తొంభై. సంతోషించాను. మూడో నెలా తొంభై, నాలుగో నెలా తొంభై, ఐదో నెలా తొంభై. కార్డులు మాత్రం నిండుగా వచ్చేవి. ఒక్క గడి ఖాళీ లేదు. వారానికి ఇరవై ఒక్క టిక్కులు, ఒకే పెన్ను, ఒకే వాలు.

"రోజూ చేస్తన్నాన్సార్" అన్నాడు సీమోను.

"మోకాలు చెప్పట్లేదు మరి" అన్నాను.

"మోకాలికేటి తెలుసు సార్, చేసేది నేను గదా."

ఆ మాట నాకు ఎగతాళిగా వినబడింది. కార్డు పట్టుకుని వరండాలోకి వచ్చాను. అక్కడ పది మంది దాకా కూర్చుని ఉన్నారు, అందులో ముగ్గురు మా చర్చివాళ్ళు. దయామణి బెంచీ చివర కూర్చుంది. కార్డు ఆమె ముందు ఊపుతూ, "అక్కా, ఇవన్నీ మీరు ఒకేసారి కూర్చుని పెట్టినవి కాదూ?" అని అడిగాను. ఆమె దాచలేదు. "అవును బాబూ, శనివారం పెడతాను" అంది. "దేవుణ్ణి మోసం చేసినట్టు డాక్టర్లను మోసం చేయలేరు. అబద్ధపు టిక్కులతో మోకాళ్ళు వంగవు" అన్నాను. వరండాలో ఎవరో నవ్వారు. ఆమె కార్డు తీసుకోకుండా లేచి వెళ్ళిపోయింది. నాకు అప్పుడు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు?

ఆ రోజే బోర్డుకు వెళ్ళే రిపోర్టులో రెండు వాక్యాలు రాశాను. పేషెంటు ఇంటి దగ్గర వ్యాయామం చేయడం లేదు, చూపించిన కార్డు నమ్మదగినది కాదు.

"కళ్ళారా చూశావా?"

మా పెద్ద డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. మాట తక్కువ, కళ్ళజోడు పైనుంచి చూపు ఎక్కువ. నా రిపోర్టు చదివి, "సుందరం, తుమ్ నే ఖుద్ దేఖా?" అంది. నువ్వు స్వయంగా చూశావా అని.

"చూడక్కర్లేదు మేడమ్. టిక్కులు చూశాను."

"టిక్కుల సంగతి నేనడగలేదు" అని సంతకం పెట్టి పంపేసింది.

పైవాళ్ళలో నాకు నిజంగా ఏదైనా నేర్పింది ఆవిడే. కానీ ఆ రోజు నేర్చుకుందామని కాదు, నేనే రైటని చూపిద్దామని మిన్నీ బే వెళ్ళాను. చెప్పకుండా, మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో. ఆరు గంటలకు మంచి నిద్రలో దొరుకుతాడని నా లెక్క.

వాకిట్లో అడుగుపెట్టకముందే చప్పుడు వినబడింది. టక్. టక్. దానితోపాటు వంటింట్లోంచి దయామణి గొంతు. "ముప్పై ఒకటి. ముప్పై రెండు." సగం తెరిచిన తలుపులోంచి చూశాను. ఆమె చేతులు రెండూ పిండిలో ఉన్నాయి, లెక్క నోటితో పెడుతోంది. సీమోను గోడ వారగా పెద్ద పెట్టె మీద కూర్చుని కాలు వెనక్కి నెడుతున్నాడు. పడౌక్ చెక్కతో చేసిన, ఓడలో సామాను పెట్టుకునే పెట్టె. దాని కింద నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. కాలు వెనక్కి వెళ్ళినప్పుడల్లా మడమ పెట్టె ముందు చెక్కకు తగిలి ఆగిపోతోంది. ఎర్రటి చెక్క మీద మడమ తగిలిన చోట రంగు పోయి, గిన్నె అడుగంత గుంట పడింది.

ఆసుపత్రి బల్ల కింద ఖాళీ ఉంటుంది, కాలు ఎంతైనా వెనక్కి వెళుతుంది. పెట్టెకైతే ముందు చెక్క అడ్డం. మడమ చెక్కకు తగిలే చోటు సరిగ్గా తొంభై డిగ్రీలు. అంతకన్నా ఒక్క డిగ్రీ వంగే దారి లేదు. ఆ ఇంట్లో మంచం లేదు, అందరూ చాపల మీద పడుకుంటారు. ఎత్తుగా ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. ఇంట్లో దేనిమీద కూర్చుంటారని నేను ఐదు నెలల్లో ఒక్కసారీ అడగలేదు.

సీమోను నన్ను చూసి ఆగాడు. "రండి సార్. పట్టుకోడానికొచ్చినారా?"

"లేదు, ఇటుగా వెళ్తూ..."

"ఆరు గంటలకా?" అంది దయామణి. అంతే, మళ్ళీ పిండి వైపు తిరిగింది.

"ఈ ఇటుకలెందుకు?" అని అడిగాను, తెలిసి కూడా.

"మీరే గదా సార్, కాళ్ళు నేలకి తగలకూడదన్నారు."

తప్పు నాదని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఏదో వైద్యంలో తర్వాతి మెట్టన్నట్టు ముఖం పెట్టి, "ఇకనుంచి కింద ఖాళీ ఉన్న బల్ల మీద చేయండి" అని బయటపడ్డాను.

అనుమానం ఎదురు తిరిగింది

రెండో రిపోర్టు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాయడానికి కాదు, సిగ్గు మింగడానికి. అతను చేశాడు, నేర్పిన పద్ధతిలో లోపం నాది, మరికొంత గడువు ఇవ్వాలి అని రాశాను. బోర్డువాళ్ళు నన్ను పిలిచారు.

"మొన్న చేయట్లేదన్నావు, ఇవాళ చేశాడంటావు" అన్నాడు అందులో ఒక పెద్దాయన. "మీ చర్చివాడే కదూ? ఎన్ని కేజీల సురమై చేప పంపాడేమిటి?"

అందరూ నవ్వారు. వరండాలో నవ్వినట్టే. చేయని తప్పు మీద వేస్తే నిజాన్ని రుజువు చేసుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో ఆ కుర్చీలో తెలిసింది. డాక్టరమ్మ కల్పించుకుని, మత్తు ఇచ్చి మోకాలు తాను వంచుతాననీ, రెండు నెలలు ఆగి చూడమనీ చెప్పింది. బయటికొచ్చాక నాతో అంది, "వంచడం నాది, నిలబెట్టుకోవడం అతనిది. చేయడం ఆపితే పది రోజుల్లో మళ్ళీ బిగుస్తుంది. ఇంకోసారి నేను వంచను."

ఆవిడ వంచింది. సీమోను చేయడం ఆపేశాడు.

నా మొదటి రిపోర్టులో మాటలు ఎవరో అతని చెవిన వేశారు. నేను వెళ్ళి బతిమాలితే గుమ్మంలోనే నిలబెట్టి చెప్పాడు. "చేసినప్పుడు చెయ్యలేదన్నారు. చెయ్యకపోతే ఏటంటారు? అదే గదా. మరి నొప్పి పడడం దేనికి సార్?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. ఆశ పెట్టండి, గమ్యం చూపించండి అని పుస్తకాల్లో ఉంటుంది. ఆశా గమ్యమూ అతనికి నాకన్నా ఎక్కువ ఉన్నాయి. మూడు నెలలు ఫలితం లేకపోయినా ఆపకుండా చెక్కకు గుంట పడేలా చేసిన మనిషికి నేను ఉత్సాహం నేర్పేదేమిటి? అతన్ని నడిపించింది వంటింట్లోంచి వచ్చే లెక్క. ఆ లెక్కను అబద్ధమని పదిమందిలో అన్నది నేను. ఆమె లెక్కపెట్టడం మానేసింది, అతను చేయడం మానేశాడు.

మా ఇంట్లో ఉన్న సన్నటి బల్ల, నాలుగు కాళ్ళది, బస్సులో వేసుకుని వెళ్ళాను. కండక్టరు దానిక్కూడా టికెట్టు కొట్టాడు. బల్లను వాళ్ళ వాకిట్లో పెట్టి, నేనే కూర్చుని వ్యాయామం మొదలుపెట్టాను. ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. అందరికీ వ్యాయామం నేర్పి బతికిన నేను అప్పటిదాకా ఒక్క రోజు చేసినవాణ్ణి కాదు. పొట్ట బల్ల మీద నుంచి ముందుకు జారేది. పదికే ఆయాసం. మూడు రోజులు వరసగా వెళ్ళాను, సీమోను తలుపు తీయలేదు. కిటికీలోంచి అనుమానంగా చూడడం మాత్రం తెలుస్తూనే ఉంది. ఈయన రిపోర్టు రాసుకోవడానికి వచ్చాడా, నిజంగానే చేస్తున్నాడా అని.

నాలుగో రోజు తలుపు ధన్‌మని తెరుచుకుంది. "అరే భయ్యా, నడుం అలా వంకర పెడతారేటి? మీరు నేర్పిందే మీకు రాదా? జరగండి" అని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎలా చేయాలో చూపించడానికి కాలు వెనక్కి నెట్టాడు. అప్పటికే బిగుసుకుంటున్న మోకాలు, నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపలేదు. నేనూ ఆపలేదు, ఆపితే తిడతాడని.

రెండు నెలలు అలా సాగింది. నేను వెళ్ళని రోజు ఏదీ లేదని చెప్పుకోను. రెండు రోజులు వాన సాకు పెట్టి ఎగ్గొట్టాను. మూడో రోజు వెళితే, "నిన్న ఇంటికాడ చేసినారా?" అని అడిగాడు. "చేశాను" అన్నాను. "తల ఎటు పెట్టి?" అన్నాడు. నా కిటుకు ఊరంతా తెలుసన్నమాట. దయామణి మాత్రం టీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. లెక్క మేమే పెట్టుకునేవాళ్ళం.

నిచ్చెన

బోర్డు పరీక్ష రోజున స్కేలుతో కొలిచారు. సరిపోయిందని ఒకరు, అంచున ఉందని ఒకరు. చివరికి జెట్టీకి తీసుకెళ్ళి బోటు పక్కన తాళ్ళ నిచ్చెన వేయించారు. సీమోను చెప్పులు విప్పి ఎక్కాడు. సగంలో ఒకసారి ఆగాడు. కాలు సర్దుకుని పైదాకా ఎక్కి, దిగాడు. పెద్దాయన సంతకం పెట్టాడు.

అందరూ వెళ్ళాక సీమోను నా దగ్గరికొచ్చాడు. ముఖంలో సంతోషం వెతికాను. కనబడలేదు.

"సార్, ఆ ఐదు నెలలూ కూడా నేను చేసినాను."

"నాకు తెలుసు సీమోనూ."

"తెలుసని ఇప్పటిదాకా చెప్పలేదు మీరు. పెట్టె చూసిన రోజే తెలిసింది మీకు. బోర్డుకి రాసినారు, డాక్టరమ్మకి చెప్పినారు. మా ఇంట్లో చెప్పలేదు."

నిజమే. రెండు నెలలు వాళ్ళ వాకిట్లో చెమటోడ్చి, ఆ ఒక్క మాట దాటేయవచ్చనుకున్నాను. అప్పటికప్పుడు అతనితోపాటు మిన్నీ బే వెళ్ళాను. దయామణి బట్టలు ఆరేస్తోంది. "అక్కా, మీరు పెట్టిన టిక్కులు నిజం. తప్పు నేర్పింది నేను. మీ మీద నింద వేసింది నేను" అన్నాను.

ఆమె చేతిలో తువ్వాలు దులిపి తీగ మీద వేసింది. "ఇక్కడెవరున్నారు బాబూ వినడానికి? ఆ రోజునుంచి మందిరంలో నా పక్కన కూర్చోడానికి సందేహిస్తన్నారు జనం. అక్కడ చెప్పండి."

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు చేసిన మేలు చెప్పుకునే చోట నేను చేసిన కీడు చెప్పాను. వరండాలో అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాను. పెట్టె, ఇటుకలు, మడమ గుంట, అన్నీ. చిన్నప్పుడు చదవకుండా పెట్టిన టిక్కులూ చెప్పాను. ఆమెన్ అనాలో వద్దో పాస్టరుగారికి కూడా తెలియలేదు.

ఆరాధన అయ్యాక దయామణి నా దగ్గరికి వచ్చింది. క్షమించానంటుందని ఎదురుచూశాను.

"చెప్పినారు, మంచిదే బాబూ. కానీ ఆ రోజు వరండాలో ఉన్నోళ్ళందరూ ఇవాళ రాలేదు గదా" అంది.

వాళ్ళలో నాకు ముఖాలు గుర్తున్నవి ఆరు. మా చర్చివాళ్ళు ముగ్గురూ ఆ ఆదివారం మందిరంలోనే విన్నారు. ఇద్దరి ఇళ్ళకు వెళ్ళి చెప్పాను. మిగిలినాయన రంగత్‌కు బదిలీ అయ్యాడంటే బస్సెక్కి అక్కడికీ వెళ్ళాను. ఆయనకు అసలు ఆ సంగతే గుర్తు లేదు. మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది, నేనేమన్నానో, ఎవరినన్నానో, అది ఎందుకు తప్పో. మిగతావాళ్ళెవరో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు, ఇన్నేళ్ళయినా రాలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ రోజు ఆ వరండాలో ఉండి ఉంటే, ఆమె పెట్టిన టిక్కులన్నీ నిజం.